నాలుగు కోర్ల సీరు

వేలాయుదం తన సీరును తూకం వేయించి మరీ తెచ్చాడు. విరుదునగరులో ఒక మిరపకాయల గిడ్డంగిలో అతను కాటా మేస్త్రి. లోకంలో ఏ వస్తువు యోగ్యతైనా కాటా మీద తేలిపోతుందని అతని గట్టి నమ్మకం. చెల్లెలి కోసం తీసుకున్న పాత కంప్యూటరు పెట్టెను కూడా మిరప బస్తాల మధ్య కాటాకెక్కించి, ముల్లు చూసుకుని, తృప్తిగా తలాడించి, ఎర్ర పట్టుగుడ్డ కప్పి వ్యానెక్కించాడు. కోవిల్‌పట్టిలో మండపం ముందు దిగీ దిగగానే చెల్లెలితో అన్న మొదటి మాట కూడా దాని గురించే.

"మంచి బరువుండాది జోతీ. ఉత్త డబ్బా కాదు. లోపల నాలుగుండాయి."

"ఏముండాయన్నా నాలుగు?"

"కోర్లు. మెదడు మాదిరి అంట. మనకంతా ఒకటే కదా, దీనికి నాలుగు."

ఆ ఒక్కటైనా అందరికీ సరిగ్గా అందిందని చెప్పలేమని జోతిలక్ష్మి మనసులో అనుకుంది. పైకి మాత్రం, "ఎండలో ఏల నిలబడతావు, లోపలికి దా అన్నా," అంది.

ఆ రోజు ఆమె కూతురు వళ్ళికి చెవులు కుట్టే వేడుక. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడే ఈ కుటుంబాల్లో చెవులు కుట్టడమంటే పేరుకే బిడ్డ పండుగ, నిజానికి మేనమామల పండుగ. పళ్ళూ పట్టుబట్టలూ మిఠాయిలూ పళ్ళేల్లో పెట్టుకుని, మేళంతో ఊరేగుతూ తల్లి పుట్టింటివాళ్ళు తెచ్చే కానుకలనే సీరు అంటారు. సీరు తెచ్చిన మేనమామ ఒళ్ళో బిడ్డను కూర్చోబెట్టాక గాని కంసాలి సూది ముట్టుకోడు. బిడ్డకు నొప్పి, మామకు గౌరవం. ఈ ఏర్పాటులో ఏదో తిరకాసు ఉందని ఇన్ని తరాల్లో ఎవరికీ తోచలేదు.

ఈసారి చీరలూ గిన్నెలూ వద్దని జోతిలక్ష్మి ముందే చెప్పేసింది. ఆమె అగ్గిపెట్టెల మీది లేబుళ్ళు, వేరుశనగ మిఠాయి పొట్లాల మీది బొమ్మలు కంప్యూటరులో గీస్తుంది. కిందటి వానాకాలం పిడుగు పడి ఇంట్లో ఉన్న పాత పెట్టె కాలిపోయింది, మానిటరు ఒక్కటే మిగిలింది. అప్పటినుంచి బజారులో ఒక అచ్చాఫీసుకు వెళ్ళి, వాళ్ళ కంప్యూటరు ముందు కూర్చుని పని చేసుకోవలసి వస్తోంది. అక్కడి ముదలాళి, అంటే యజమాని, ఆమె కుర్చీ వెనకే నిలబడతాడు. పళ్ళు కుట్టుకుంటూ, ఆ నెమలికి తోక ఇంకొంచెం పెంచమంటాడు. పెంచితే తగ్గించమంటాడు. చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో తన నెమళ్ళు జనం జేబుల్లో తిరుగుతుంటే, తను మాత్రం ఆ మనిషి ఊపిరి మెడ మీద పడుతుండగా బొమ్మ గీయాలి. పనికొచ్చే కంప్యూటరు ఒకటి ఇంటికొస్తే ఆ అచ్చాఫీసు మెట్లు మళ్ళీ ఎక్కే పని ఉండదు. ఆమెకు కావలసింది అదొక్కటే.

అందుకే ఇద్దరు తోబుట్టువులకూ విడివిడిగా చెప్పింది. ఒకడికే చెప్తే వాడు మరిచిపోతాడు, ఇద్దరికీ చెప్తే ఒకడైనా తెస్తాడని ఆమె లెక్క. ఇద్దరూ తెస్తారని కలలో కూడా అనుకోలేదు. వాళ్ళ మీద ఆమెకున్న గురి అలాంటిది.

మేళం ఆగింది. పళ్ళేలు వరసగా దించారు. వేలాయుదం ఎర్రగుడ్డ లాగి, జనం చూసేదాకా ఆగి, మీసం దువ్వుకున్నాడు. ఆ పక్కన తమ్ముడు సెల్వకుమార్ తెచ్చిన పళ్ళెం మీది పచ్చగుడ్డ తీశారు. దాని కింద కూడా కంప్యూటరే ఉంది. అదే నలుపు, అదే ఎత్తు, అదే అరిగిపోయిన మీట. రెండింటినీ పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉన్నాయి.

"ఇదేందిరా," అన్నాడు వేలాయుదం.

"సీరన్నా," అన్నాడు సెల్వకుమార్, ఏమీ ఎరగనట్టు.

సెల్వకుమార్‌కు విరుదునగరు బస్టాండు వెనక సందులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. పాత పెట్టెలు కొంటాడు, తుడుస్తాడు, అమ్ముతాడు. అక్కచెల్లెళ్ళ పిల్లల వేడుకలకు వచ్చినా దుకాణం పేరున్న చీటీలు పంచకుండా పోడు. ఆ రోజు కూడా తాంబూలం పళ్ళెంలో వక్కల పక్కన ఒక కట్ట పెట్టాడు. ఇంత వెగటు పని చేసినా జోతిలక్ష్మికి వాడంటే ముద్దు. మౌసు పట్టుకోవడం నేర్పింది వాడే. పెళ్ళయిన కొత్తలో అగ్గిపెట్టెలు నింపే పనికి పోతున్న అక్కను లాక్కెళ్ళి కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, "ఇంగ పుల్లలు ఏరొద్దు, బొమ్మలు గియ్యి," అన్నది వాడే. పెద్దవాడి డాబును భరించేటప్పుడల్లా, చిన్నవాడైనా తెలివైనవాడు పుట్టాడని ఆమె మనసు కుదుటపరచుకునేది.

"నాది కూడా వాని దగ్గర కొనిందే," అని వేలాయుదం అందరికీ వినపడేలా చెప్పాడు. "నాలుగు కోర్లుండేది ఒగటి చూసియ్యరా తమ్ముడా అన్నా. వెతికి పట్టుకొని ఇచ్చినాడు. బయటోడైతే అనుమానపడాల, మనోడు కదా. అయినా నేను తెస్తాండానని తెలిసి వీడు ఇంగొకటి తెచ్చిందేమో నాకు అర్తం కాలా."

అప్పుడు జోతిలక్ష్మి అత్త రంగమ్మాళ్ లేచింది. లోకంలో ఏది జరిగినా దాని మీద ఒక నిషేధం ఆమె నోట్లో సిద్ధంగా ఉంటుంది.

"ఒగే సామాను రెండు చేతులనించి పట్టకూడదు. అన్నదమ్ములు విడిపోతారు. ఒగటి నిలవాల, ఒగటి తిరిగిపోవాల."

తన పెళ్ళికి రెండు ఇత్తడి బిందెలు వచ్చినప్పుడు ఈ నిషేధం ఎందుకు గుర్తు రాలేదని జోతిలక్ష్మి అడగబోయి మానుకుంది. రెండు కంప్యూటర్లుంటే ఒకదాని మీద గీస్తూ ఒకదాని మీద అచ్చుకు పంపుకోవచ్చని చెప్పినా వినే చెవి ఆ మండపంలో లేదు. భర్త తంగపాండి వైపు చూసింది. అతను వంటశాలలో సాంబారు అడుగంటుతుందేమో చూడాలని అప్పుడే వెళ్ళిపోయాడు. మాట అవసరమైన ప్రతిచోటా అతనికి సాంబారు అడుగంటుతుంది.

ఏది నిలవాలనే ప్రశ్న పెరియసామి దగ్గరికి పోయింది. ఆయన తంగపాండికి పెదనాన్న, ఆ కుటుంబాల్లో తగవులు తీర్చే పెద్దమనిషి. పొలం గట్లూ పెళ్ళి సంబంధాలూ తీర్చి తీర్చి, తనకు తెలియని సంగతి కూడా ఉంటుందనే అనుమానం ఆయనకు పూర్తిగా పోయింది.

"రెండిట్ల ఏది గట్టిదో అదే నిలవాల," అన్నాడు. "ఎవరిది నిలుస్తాదో వాని ఒళ్ళోనే బిడ్డ కూకోవాల. ఇంతే."

పెద్దవాడి ఒడి హక్కు పందెంలోకి వచ్చేసరికి మండపం ఒక్కసారి మేలుకుంది. వేలాయుదం కాటా తెప్పించమన్నాడు. మండపం వాళ్ళ దగ్గర బియ్యం తూచే కాటా ఉందని ఎవరో చెప్పారు కూడా. సెల్వకుమార్ చేయెత్తి అందరినీ ఆపి, దుకాణానికొచ్చే గిరాకీకి చెప్పే గొంతుతో మొదలుపెట్టాడు.

"అన్నది కోర్ టూ క్వాడ్, క్యూ 6600. నాలుగు కోర్లు. కానీ ఒక్కోటి రెండున్నర వేగం కూడా లేదు. నాది కోర్ టూ డ్యూయో, ఈ 8400. రెండే, కానీ ఒక్కోటి మూడు వేగం. ఎన్ని ఉండాయని కాదు పెద్దయ్యా, ఎంత వేగంగా చేస్తాండాయని చూడాల."

"నాలుగు ముసలెద్దులు, రెండు కోడెలు," అన్నాడు పెరియసామి, అంతా అర్థమైపోయినట్టు.

"నాలుగంటే రెండు కంటే రెండెక్కువ," అన్నాడు వేలాయుదం. అతని గణితం అక్కడితో ముగిసింది.

రెండూ ఎప్పుడో కాలేజీలూ ఆఫీసులూ వాడి పారేసిన సరుకు. అవి కొత్తగా బజారులోకి వచ్చినప్పుడు జోతిలక్ష్మికి పెళ్ళే కాలేదు. ఇప్పుడు చెత్తలోనుంచి లేపిన రెండు పెట్టెలకు పూలదండలు వేసి, బొట్లు పెట్టి, ఏది మగాడిదో తేల్చడానికి ఇంతమంది పట్టుబట్టలు కట్టుకుని కూర్చున్నారు. ఆమెకు ఒళ్ళు మండింది. అయినా సెల్వకుమార్ చెప్పినదాంట్లో సగం నిజముందని ఆమెకు తెలుసు. ఒక్క పని ఒక్కసారి చేయిస్తే వేగంగా నడిచే రెండు కోర్లే ముందుంటాయి. నాలుగు పనులు ఒకేసారి నెత్తిన వేస్తే నాలుగు కోర్లు పంచుకుని లాగుతాయి, రెండు ఉక్కిరిబిక్కిరి అవుతాయి. తన పనిలో రెండు రకాలూ ఉంటాయి. ఏది తన ఇంట్లో నిలవాలో ఆమె కూడా చూసుకోవాలి.

"పరీక్ష నేను చేస్తా," అంది. "పని చేసేది నేను. కాటా వద్దు."

పెరియసామి ఒప్పుకున్నాడు. అయితే పందెగాళ్ళు దగ్గరికి రాకూడదని, ఎదురుగా చాప మీద కూర్చోవాలని షరతు పెట్టాడు. ఫోనులో గడియారం పెట్టుకుని చూస్తానని ఒక కుర్రాడు ముందుకొస్తే, మనిషి మాట ఉండగా యంత్రం సాక్ష్యం ఎందుకని కసిరాడు. మానిటరు ఒక్కటే ఉంది, సెల్వకుమార్ తెచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టుకుని జోతిలక్ష్మి గోడవైపు కూర్చుంది. జనానికి కనబడేది దాని వీపే. అయినా అందరూ దానివైపే కళ్ళార్పకుండా చూశారు.

సంచిలోనుంచి పెన్‌డ్రైవు తీసింది. అందులో అచ్చాఫీసు పని ఉంది, నెమలి లేబులు ఒక పెద్ద కాగితం నిండా పరిచిన షీటు. మొదట తమ్ముడి పెట్టెకు తీగలు తగిలించి ఆ షీటు తెరిచింది, రంగు మార్చింది, అచ్చుకు సిద్ధం చేయమంది. ఆ పెట్టె చకచకా చేసేసింది. తరవాత అన్న పెట్టెకు తగిలించి అదే పని చేయించింది. అది బాగా తీరిక తీసుకుంది. ఆమె ఊహించిందే.

"ఈ పనిలో చిన్నోనిది ముందు," అని చెప్పింది.

వేలాయుదం ముఖంలో రక్తం లేదు. ఎర్ర పట్టుగుడ్డను మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు, దాన్ని మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టాడు. గిడ్డంగిలో బస్తాలు మోసేవాళ్ళను గద్దించే మనిషి, బడిలో పేరు పిలవని పిల్లవాడిలా కూర్చున్నాడు. జోతిలక్ష్మికి జాలి వేసింది, ఆ జాలి మీద చిరాకు కూడా వేసింది.

"ఇంగొక పరీక్ష ఉండాది," అంది. "ఒగేసారి అన్ని పనులూ ఇచ్చి చూడాల. నాలుగుంటే అప్పుడు తెలుస్తాది."

అన్న తలెత్తాడు. ఇందులో అతనిదే గెలుస్తుందని ఆమె నమ్మింది. చెరొకటి గెలుస్తారు, అప్పుడు తనకేది కావాలో తనే చెప్పుకోవచ్చు. తమ్ముడి పెట్టెను మళ్ళీ తగిలించి, షీటును అచ్చుకు పంపుతూనే ఒక పెద్ద ఫొటోను పెంచమంది, పాత బొమ్మలన్నిటినీ ఒకే ఫైలుగా మూటకట్టమంది, మధ్యలో ఒక వీడియో పెట్టింది. రెండు కోర్లూ రొప్పాయి గాని పని ముగించాయి.

అన్న పెట్టె వంతు వచ్చేసరికి టిఫిను వడ్డిస్తున్నారని కేక వినబడింది. సాంకేతిక విజ్ఞానం మీద అంత ఆసక్తి చూపించిన జనం విస్తరాకుల వైపు పరుగెత్తారు. ముందు వరసలో పెరియసామి కునుకు తీస్తున్నాడు. చాప మీద అన్నదమ్ములిద్దరే మిగిలారు.

ఆమె అవే పనులు ఇచ్చింది. వీడియో ఒక అడుగు వేసి నిలబడింది. మౌసు బాణం కదపబోతే కదల్లేదు. ఫొటో సగం తెరిచి అక్కడే ఆగిపోయింది. పెట్టె లోపల పంకా మాత్రం వరి మర మాదిరి మోగుతోంది. ఇలా ఉండకూడదు. ఇంత పనికి నాలుగు కోర్లు నాలుగు దిక్కులా లాగాలి. ఏ కోరు ఎంత పని చేస్తోందో చూపించే కిటికీ ఒకటి ఉంటుంది. కోరుకొక చిన్న గడి, గడిలో ఒక ఆకుపచ్చ గీత. ఆమె చాలాసేపు తంటాలు పడి దాన్ని తెరిచింది.

గడులు నాలుగు లేవు. రెండే ఉన్నాయి.

ఎక్కడో పొరపాటనుకుని లోపలి వివరాలు తీసి చూసింది. కోర్ టూ డ్యూయో, ఈ 4400. రెండు కోర్లు, ఒక్కోటి రెండు వేగం. తమ్ముడి పెట్టెలో ఉన్నదానికి అదే వంశంలో దూరపు పేద బంధువు. నాలుగు ముసలెద్దులు కాదు, రెండు ముసలెద్దులు. ఆమె పక్కకు వంగి పెట్టె ముందువైపు చూసింది. క్వాడ్ అని రాసిన చిన్న స్టిక్కరు అక్కడ ఉంది. గోటితో అంచు ముట్టుకుంటే పైకి లేచింది, కింద బంక ఇంకా మెత్తగా ఉంది. విరుదునగరు దుకాణంలో ఒక సొరుగు నిండా, చచ్చిన పెట్టెల మీదనుంచి ఒలిచిన ఇలాంటి స్టిక్కర్లుంటాయని ఆమెకు తెలుసు. ఆ సొరుగు ఆమె చాలాసార్లు చూసింది.

అంటే వీడు అన్నకు దొంగ పెట్టె అంటగట్టాడు. అది ఓడిపోతుందని తెలిసే, దానికంటే మంచిది తను తెచ్చాడు. అత్త నిషేధం, పెరియసామి తీర్పు లేకపోయినా ఏదో ఒక వంకతో ఈ పోటీ పెట్టించి ఉండేవాడు. ఎన్ని ఉన్నాయని కాదు, ఎంత వేగమని చూడాలన్న ఆ ప్రసంగం వాడు ఇంటి దగ్గరే వల్లించుకుని వచ్చాడు.

మానిటరు పైనుంచి చాపవైపు చూసింది. సెల్వకుమార్ అప్పటికే పంచె కుచ్చిళ్ళు సవరించుకుని, బిడ్డ కూర్చోవడానికి వీలుగా బాసింపట్టు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. అన్న గుడ్డ మడతపెట్టడం చూస్తూ మూతి బిగించి నవ్వుకుంటున్నాడు. పెద్దవాడి డాబు ఎంత వెర్రిదైనా, అది అందరి ముందూ నిలబడి కొట్టే డాబు. ఇది అలాంటిది కాదు. ఇన్నాళ్ళూ తెలివి అనుకుని తను మురిసిపోయింది దీన్నా అని సిగ్గేసింది.

ఆమెకు సులువైన దారి ఒకటుంది. చిన్నోడిదే గెలిచిందని చెప్తే చాలు. అది నిజం కూడా. వేగమైన పెట్టె ఇంటికొస్తుంది, అచ్చాఫీసు మెట్లు ఎక్కే బాధ తీరిపోతుంది. స్టిక్కరు సంగతి ఎవరికీ తెలియదు. అన్న కొన్నాళ్ళు ముఖం మాడ్చుకుంటాడు, తరవాత మరిచిపోతాడు. ఇంకో దారి, స్టిక్కరు పీకి అందరికీ చూపించడం. అప్పుడు తమ్ముడి పరువుతో పాటు అన్న ముఖం కూడా పోతుంది. బయటోడైతే అనుమానపడాలి, మనోడు కదా అని ఇందాకే అందరి ముందూ చెప్పుకున్న మనిషి అతను.

ఆమెకు ఆ వేగమైన పెట్టె కావాలి. చాలా కావాలి. కాని ఆ చేతినుంచి వచ్చినదాని ముందు రోజూ కూర్చోవడం, ముదలాళి ఊపిరి మెడ మీద పడటం కంటే అసహ్యంగా తోచింది.

టిఫిను ముగించి జనం మూతులు తుడుచుకుంటూ వచ్చారు. పెరియసామి ఎవరో తట్టగా కళ్ళు తెరిచి, తను నిద్రపోలేదని చెప్పాడు. పని సగంలో ఉండగానే జోతిలక్ష్మి పెట్టె మీట నొక్కి ఆపేసింది.

"రెండో పనిలో పెద్దన్నది ముందు," అంది. "నాకు ఇట్లాంటి పనే నిండా వస్తాది. పెద్దన్నదే నిలవాల."

సెల్వకుమార్ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. దాన్ని ఎక్కడ దాచుకోవాలో వాడికి తెలియలేదు.

"అట్ల ఉండదక్కా," అన్నాడు లేచి. "సరిగ్గా చూడలేదేమో. ఇంగొకసారి పెట్టు. నేను చూస్తా."

"ఏల ఉండదు? నాలుగు కదరా."

"కాదు, నాలుగైతే మాత్రం..."

"నాలుగు కాదా?" అంది జోతిలక్ష్మి. గొంతు పెంచలేదు. "చూసి ఇచ్చింది నువ్వే కదా. నాలుగు కాదంటే చెప్పు, ఇప్పుడే తెరిచి అందరికీ చూపిస్తా."

సెల్వకుమార్ భార్య తరపువాళ్ళు, చీటీలు తీసుకున్నవాళ్ళు, పెరియసామి, అందరూ వాడినే చూస్తున్నారు. అక్క కళ్ళలోకి ఒక్క క్షణం చూసి, అంతా తెలిసిపోయిందని గ్రహించి, చాపవైపు తల దించుకున్నాడు.

"నాలుగే," అన్నాడు.

వేలాయుదం మాత్రం ఒక్క గెంతులో వచ్చి తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు. గెలిచిన సంబరంలో అతనికి కంటనీరు వచ్చింది. "చూసినారా," అన్నాడు మండపమంతా వినేలా. "ఎవరు ఏరి ఇచ్చిందనుకున్నారు. నా తమ్ముడు ఇచ్చింది. తనకు మంచిది ఉంచుకోకుండా అన్నకు ఇచ్చినాడు." సెల్వకుమార్ అన్న చేతుల్లో చెక్క మాదిరి నిలబడిపోయాడు. ఆ కౌగిలింత చేసిన పని ఏ తిట్టూ చేయగలిగేది కాదు. జోతిలక్ష్మి ఆ దృశ్యాన్ని తృప్తిగా, కసిగా, చివరిదాకా చూసింది.

మేళం మోగింది. వేలాయుదం ఒళ్ళో వళ్ళి కూర్చుంది, సూది పడగానే గుక్కపట్టి ఏడ్చింది. మామ కూడా ఏడ్చాడు. పచ్చగుడ్డ కప్పిన వేగమైన పెట్టె సాయంత్రం బస్సులో విరుదునగరు తిరిగిపోయింది.

గెలిచిన పెట్టె జోతిలక్ష్మి ఇంట్లో కిటికీ పక్కన స్థిరపడింది. ఒక చిన్న లేబులంటే ఎలాగో గీసుకోవచ్చు. పెద్ద షీటు తెరవాలంటే మీట నొక్కి, బియ్యం కడిగి, పొయ్యి మీద పెట్టి వస్తే అప్పటికి నెమలి తల కనబడుతుంది, తోక రావడానికి ఇంకా టైము ఉంటుంది. అచ్చుకు పంపే పని దాని వల్ల కానే కాదు. దానికి మళ్ళీ అచ్చాఫీసు మెట్లే ఎక్కాలి. ముదలాళి మళ్ళీ వెనకే నిలబడ్డాడు. ఇంట్లో కొత్త కంప్యూటరు వచ్చిందట కదా, ఇంకా ఇక్కడికెందుకని అడిగాడు. పళ్ళు కొరుక్కుని నెమలి తోక తగ్గించింది. తను చేసిన పనికి ఆమె పశ్చాత్తాపపడలేదు. కాని షీటు తెరుచుకునేదాకా తెల్లటి తెర ముందు కూర్చున్న ప్రతిసారీ, ఆ రోషం ఎంత ఖరీదైనదో ఆమెకు తెలుస్తూనే ఉండేది.

వేలాయుదం వారం వారం ఫోను చేసేవాడు. బిడ్డ చెవులు మానాయా అని అడగడానికి ముందు ఒక ప్రశ్న అడిగేవాడు.

"నాలుగూ బాగా పని చేస్తాండాయా జోతీ?"

"చేస్తాండాయన్నా."

ఒక మధ్యాహ్నం సెల్వకుమార్ మోటారుసైకిలు వెనక పెట్టె కట్టుకుని వచ్చాడు. వేడుక తరవాత ముఖం చూపించడం అదే. పెట్టెను మోసుకొచ్చి గడప బయట దించి, చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. జోతిలక్ష్మి కుర్చీలోనుంచి లేవలేదు.

"ఇది పెట్టుకో అక్కా. ఆ దరిద్రాన్ని నేను తీసుకుపోతా. రెండూ ఒకే మాదిరి ఉండాయి, స్టిక్కరు దీనికి మారుస్తా. ఎవరికీ తెలవదు."

"ఎవరికీ తెలవకుండా చేసేదే కదా నీకు వచ్చిన పని."

వాడు ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. "తప్పే," అన్నాడు. "ఎప్పుడూ ఆయనే ముందు. వాకిట్లో, పంక్తిలో, ఫొటోలో. ఒక్కసారి బిడ్డ నా ఒళ్ళో కూకుంటే చాలనుకున్నా."

"ఆశుంటే అడగాల."

"అడిగితే ఇచ్చేవాడా?"

"ఇయ్యడు," అంది జోతిలక్ష్మి. "తిట్టేవాడు. అయినా అడగాల."

ఆమె గడప బయటి పెట్టెవైపు చూసింది. తెర మీద షీటు ఇంకా తెరుచుకుంటూనే ఉంది, రేపు పొద్దున అచ్చాఫీసుకు పోవాలి. గడప ఇవతలికి ఒక్క గుంజు గుంజితే ఆ పీడ వదిలిపోతుంది. ఆమె చేయి కదలబోయింది. ఇంత జరిగినా తనకు అది కావాలనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"అన్నకు చెప్పు," అంది. "ఇట్ల చేసినానని నీ నోటితో చెప్పు. ఆమీద ఈ పెట్టె లోపలికి వస్తాది. నేనే మోసుకొస్తా."

అంతలో ఆమె ఫోను మోగింది. వారం వారం మోగే వేళే. జోతిలక్ష్మి తీసి, అందరికీ వినబడే మీట నొక్కింది.

"నాలుగూ బాగా పని చేస్తాండాయా జోతీ?"

"సెల్వా ఈడనే ఉండాడన్నా," అంది. "ఇచ్చినవాడు వాడే కదా. వాన్నే అడుగు."

కుర్చీలోనుంచే చేయి చాపి ఫోను తమ్ముడి చేతికిచ్చింది. వాడు దాన్ని రెండు చేతులా పట్టుకుని చూశాడు. అవతల వేలాయుదం, "ఏరా తమ్ముడా, అక్కను చూసేకి పోయినావా," అని సంతోషంగా అరుస్తున్నాడు. సెల్వకుమార్ గొంతు సవరించుకున్నాడు. జోతిలక్ష్మి వాడి ముఖంలోకే చూస్తూ కూర్చుంది. చెప్తాడేమోనని, ఇంత జరిగాక కూడా, ఆమెకు ఆశ పుట్టింది.

"నాలుగూ బాగుండాయన్నా," అన్నాడు సెల్వకుమార్.

"ఉండకేం చేస్తాయి. నువ్విచ్చింది కదరా."

అదే అబద్ధం ఆ రోజు మండపంలో తనూ చెప్పింది. కాని తను చెప్పినదానికి తను రోజూ మూల్యం కడుతోంది. వీడికి మాత్రం ఈసారీ ఊరకే దొరికింది. జోతిలక్ష్మి ఫోను తీసుకుని తెరవైపు తిరిగి కూర్చుంది. నెమలికి తోక ఇంకా రాలేదు.

సెల్వకుమార్ కొంతసేపు చూసి, పెట్టెను మళ్ళీ బండి వెనక కట్టుకున్నాడు. పుట్టింటినుంచి వచ్చిన తమ్ముణ్ణి మంచినీళ్ళైనా ఇవ్వకుండా పంపడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.